మాల వేసుకున్నది నేను, దీక్ష చేసింది మా ఆవిడ

(కార్తీక మాసంలో ఒక ఆదివారం సాయంత్రం విజయవాడలోని ఒక గ్రంథాలయం హాల్లో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కొంచెం ఇటు జరుపు బాబూ. చాలు, చాలు.

గుంటూరు నుంచి బస్సులో వచ్చాను. సగం బస్సు నల్లబట్టలు. మంగళగిరి దగ్గర ఎర్రబట్టల భవానీలు ఓ పదిమంది ఎక్కారు. నా పక్కన నల్లలుంగీ కుర్రాడు ఒకడు. ఫోన్లో ఎవరితోనో చీటీ డబ్బుల దగ్గర గొడవ పడుతున్నాడు. గట్టిగానే తిడుతున్నాడు. కానీ మాల వేసుకున్నాడు కదా, ప్రతి మాటకీ చివర ‘స్వామీ’ తగిలిస్తున్నాడు. "నువ్వు పక్కా మోసగాడివి స్వామీ. నీ సంగతి మాల తీశాక తేలుస్తా స్వామీ." (నవ్వులు)

నేనూ నవ్వుకున్నాను. కానీ వారధి దాటేదాకా ఆ మాటే నా చెవుల్లో ఉంది. ‘మాల తీశాక తేలుస్తా’ అన్నాడు. అంటే ఈ నలభై ఒక్క రోజులూ అతని చెయ్యి పట్టుకుని ఆపుతున్నది ఏదో ఉంది. అది భక్తా, స్వామికి కోపమొస్తుందన్న భయమా, లేక గురుస్వామికి తెలిస్తే పరువు పోతుందన్న బెంగా? లుంగీ చూసి చెప్పలేం. మూడింటికీ లుంగీ ఒకటే రంగు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ మూడింటి మధ్య తేడా గురించే.

నేను ముప్పై ఏళ్ళు గుంటూరులో సైకాలజీ పాఠం చెప్పాను. రిటైరయ్యాక కొత్తపేటలో ఒక సైకియాట్రిస్టు గారి దగ్గర వారానికి రెండు రోజులు కౌన్సెలింగుకి కూర్చుంటున్నాను. నన్ను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతారు: "భక్తి ఉంటే మనసు బాగుంటుందా సార్?" గుళ్ళో కలిసిన వాళ్ళు అవుననాలని అడుగుతారు. టీకొట్టు దగ్గర కలిసిన వాళ్ళు కాదనాలని అడుగుతారు.

దీనికి అంకెల్లో జవాబు ఉంది. 2003లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు, స్మిత్, మెకల్లో, పోల్ అనేవాళ్ళు, అప్పటికి వచ్చిన 147 అధ్యయనాలను ఒకచోట పోశారు. దాదాపు 99 వేల మంది లెక్క అది. మతనిష్ఠ ఎక్కువున్న వాళ్ళలో డిప్రెషన్ లక్షణాలు తక్కువే. అయితే ఎంత తక్కువ? రెండిటికీ ఎంత సంబంధముందో చెప్పే అంకెని సహసంబంధం అంటాం. సున్నా అయితే సంబంధం లేనట్టు, ఒకటైతే పూర్తిగా ఉన్నట్టు, ముందు మైనస్ ఉంటే ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతున్నట్టు. ఇక్కడ అది మైనస్ 0.1 కూడా లేదు, అంతకంటే ఒక పిసరు తక్కువ. లెక్కల మాస్టార్లు ఎవరైనా ఉంటే చెబుతారు, ఆ అంకెను వర్గం చేస్తే నూటికి ఒకటి. మనిషికీ మనిషికీ దిగుల్లో ఉన్న తేడాలో నూటికి ఒక్క పాలు మాత్రమే మతనిష్ఠతో కలిసి నడుస్తోందన్నమాట. కష్టాల్లో ఉన్నవాళ్ళ దగ్గర ఆ సంబంధం ఇంకొంచెం గట్టిగా కనబడింది. ఇదేనా, ఇంత చిన్నదా అని నిరాశపడకండి. ఎందుకంటే ఆ సగటు కింద రెండు రకాల జనం కలిసిపోయి ఉన్నారు. ఒక రకానికి మేలు జరుగుతోంది, ఇంకో రకానికి కీడు. రెండూ కలిపి కొలిస్తే సున్నాకి దగ్గరగా వస్తుంది. ఉప్పూ పంచదారా కలిపేసి రుచి ఏమిటంటే ఏం చెబుతాం?

ఆ రెండు రకాలనూ మొదట విడదీసింది హార్వర్డ్‌లో పాఠం చెప్పిన గోర్డన్ ఆల్పోర్ట్. ఆయన అసలు వెతికింది మనశ్శాంతిని కాదు. చర్చికి వెళ్ళేవాళ్ళలో సగటున జాతి ద్వేషం ఎక్కువ కనబడుతోంది, ప్రేమించమని చెప్పే చోట ఇదేమిటని ఆయన బాధ. 1967లో మైకేల్ రాస్ అనే ఆయనతో కలిసి రాసిన వ్యాసంలో జవాబు ఇచ్చాడు. బాహ్యప్రేరణ ఉన్నవాడు మతాన్ని వాడుకుంటాడు, అంతఃప్రేరణ ఉన్నవాడు మతాన్ని బతుకుతాడు అన్నాడు. కొలవడానికి ఇరవై వాక్యాలు తయారుచేశారు. ‘ఒంటరిగా చేసుకునే ప్రార్థనలో కూడా నాకు అందరితో కలిసి చేసినప్పటంత అర్థమూ ఆవేశమూ ఉంటాయి’ అన్న భావం ఒకటి. దానికి అవునంటే అంతఃప్రేరణ వైపు. ‘మంచి పరిచయాలు ఏర్పడతాయి కాబట్టి చర్చికి వెళతాను’ లాంటిది ఇంకోటి. దానికి అవునంటే బాహ్యప్రేరణ వైపు. ఇందాకటి 2003 లెక్కలో కూడా బాహ్యప్రేరణ ఎక్కువున్న వాళ్ళకి డిప్రెషన్ లక్షణాలు తగ్గలేదు, పెరిగాయి.

నేను ఏ రకమో చెప్పాలి కదా. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. మా స్టాఫ్‌రూములో ఏడుగురు మాల వేసుకున్నారు. వేసుకోనిది నేనూ, ఇంకొకాయనా. ఆయన క్రైస్తవుడు. (నవ్వులు) దాంతో నేనూ వేసుకున్నాను. వేసుకున్న మర్నాడు నిన్నటిదాకా వెనకబెంచీలో నన్ను వెక్కిరించిన పిల్లలు ‘సామీ, సామీ’ అని పక్కకు తప్పుకుని దారి ఇస్తున్నారు. ప్రిన్సిపాలు గారు కూడా స్వామీ అంటున్నారు. నాకు చెప్పలేనంత బాగుంది.

ఇక ఇంట్లో. తెల్లవారి నాలుగింటికి చన్నీళ్ళ స్నానం. నేను లేచేసరికి మా ఆవిడ అప్పటికే స్నానం చేసి, ఇల్లు తుడిచి, పీఠం దగ్గర ముగ్గేసి, దీపానికి వత్తులు వేసి ఉంచేది. నా గిన్నెలు వేరు, నా చాప వేరు, నా వంట వేరు. మా పెద్దవాడికి అప్పుడు ఏడాదిన్నర, చంకలో వాడు. పదహారో రోజో పదిహేడో రోజో, భిక్ష పావుగంట ఆలస్యమైంది. నేను కేకలేశాను. ‘దీక్షలో ఉన్న మనిషికి టైముకి పెట్టడం తెలియదా’ అన్నాను. ఆవిడ గరిట పక్కన పెట్టి, ఏమీ కోపం లేకుండా, "మాల వేసుకున్నది మీరు. దీక్ష చేస్తున్నది నేను" అంది. మళ్ళీ గరిట తీసుకుంది.

ముప్పై ఏళ్ళు ఆల్పోర్ట్ గురించి పాఠం చెప్పినా అంత సూటిగా నేను చెప్పలేకపోయాను. ఆవిడ ఇక్కడే రెండో వరుసలో ఉంది, అటు చూడకండి.

ఆ నలభై ఒక్క రోజులూ నాకు సుఖంగా గడిచాయా అంటే లేదు. నిద్ర పట్టేది కాదు. ఏదైనా తప్పు జరిగితే ఎవరు చూశారోనని దిగులు. ఒకసారి తెలియక చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళాను. వెంటనే వెనక్కి తిరిగి చూసింది ఆకాశం వంక కాదు, ఎదురింటి వాళ్ళ కిటికీ వంక. దీని గురించి చాలా తరవాత, 1993లో, రిచర్డ్ రయన్ తన సహచరులతో కలిసి ఒక వ్యాసం రాశాడు. ఒక ఆచారం మనలోకి రెండు రకాలుగా వెళుతుందన్నాడు. ఒకటి, నమిలి మింగినట్టు. ఇది నాది, నాకు విలువైనది అని ఒప్పుకుని చేయడం. రెండోది, నమలకుండా మింగినట్టు. చేయకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను, నలుగురిలో చులకనవుతాను అని చేయడం. మొదటి దారిలో చేసేవాళ్ళ మానసిక ఆరోగ్యం మెరుగ్గా ఉంది, రెండో దారిలో చేసేవాళ్ళది అధ్వాన్నంగా ఉంది. చేసే పని మాత్రం ఇద్దరిదీ ఒకటే. గొంతులో ఇరుక్కున్న ముద్ద చూశారూ, అదీ నా దీక్ష.

ఇక్కడ నేను వేమన పద్యం చదువుతానని మీలో కొందరు ఎదురుచూస్తున్నారు. చదవను. ఎందుకంటే ఆ పద్యం చదివి చప్పట్లు కొట్టించుకుని దిగిపోతే, అంతఃప్రేరణ మంచిది, బాహ్యప్రేరణ చెడ్డది అని తేలిపోయి అందరం ఇంటికి వెళ్ళిపోతాం. అది నిజం కాదు. ఎందుకు కాదో చెబుతాను.

మా కాలనీ చివర స్టాండులో ఒక ఆటో డ్రైవరు ఉండేవాడు. ఏటా మాల వేసుకునేవాడు. మిగతా రోజుల్లో తాగుడు. ఒకసారి నన్ను స్టేషనుకి తీసుకెళుతూ అడక్కుండానే చెప్పాడు. "సార్, ఈ నలభై రోజులూ నన్ను అందరూ స్వామీ అంటారు. మా ఓనరు కూడా. మాల తీసిన మర్నాడు మళ్ళీ ఒరేయ్." మరి ఆల్పోర్ట్ ఇరవై వాక్యాల కాగితం ఇతని చేతికిస్తే ఏం తేలుతుంది? గౌరవం కోసం వేసుకున్నాడు, బాహ్యప్రేరణ. నాదీ గౌరవం కోసమే, బాహ్యప్రేరణ. ఇద్దరికీ ఒకే మార్కు. కానీ నాకు అప్పటికే ఉన్న గౌరవం మీద ఇంకాస్త నెయ్యి వేసుకున్నాను నేను. అతనికి ఏడాదిలో దొరికే అన్నం అదే. ఆ నలభై రోజులూ అతని పిల్లలు రాత్రి భయపడకుండా పడుకునేవాళ్ళు. దాన్ని ఏ నోటితో తక్కువరకం అంటాం?

ఆల్పోర్ట్ ఈ కొలబద్దను అమెరికాలో చర్చి సభ్యుల మీద తయారుచేశాడు. దేవుడితో ఏకాంతంగా మాట్లాడుకోవడమే అసలైన మతం, నలుగురితో కలిసి చేసేది పైపై మతం అన్న నమ్మకం ఆ కాగితంలో ముందే కూర్చుని ఉంది. మనకి పదిమందితో కలిసి చేస్తేనే పండగ. పోనీ అమెరికాలో చూసినా, 2010లో లిమ్, పట్నమ్ అనే ఇద్దరు ఒక లెక్క తీశారు. చర్చికి వెళ్ళేవాళ్ళు జీవితం బాగుందని ఎందుకంటున్నారా అని చూస్తే, అక్కడ ఏర్పడిన స్నేహాల వల్లనని తేలింది. ఎంత తరచుగా వెళ్ళినా, అక్కడ పలకరించే స్నేహితుడు లేనివాడికి ఆ మేలు కనబడలేదు. గుళ్ళో పరిచయాల కోసం వెళ్ళడం అంత నీచమేం కాదన్నమాట.

ఈ విషయంలో గీత చెప్పిన వర్గీకరణే నాకు బాగా నచ్చుతుంది. ఏడో అధ్యాయం, పదహారో శ్లోకం. నన్ను భజించేవాళ్ళు నాలుగు రకాలంటాడు. ఆర్తుడు, కష్టంలో ఉన్నవాడు. జిజ్ఞాసువు, తెలుసుకోవాలనుకునేవాడు. అర్థార్థి, ఏదో కావాలని వచ్చినవాడు. జ్ఞాని. జ్ఞాని అంటే నాకు ఎక్కువ ఇష్టమని ఒప్పుకుంటాడు. కానీ పద్దెనిమిదో శ్లోకంలో ‘ఉదారాః సర్వ ఏవైతే’ అంటాడు. వీళ్ళందరూ మంచివాళ్ళే అని. అడగడానికి వచ్చినవాణ్ణి గుమ్మంలోనే తిప్పి పంపలేదు చూశారా. మూలా నక్షత్రం నాడు మన దుర్గమ్మ కొండ కింద క్యూలో నిలబడండి, నలుగురూ కనబడతారు. పరీక్షల కోసం పెన్ను పట్టుకొచ్చిన ఇంటర్ పిల్ల అర్థార్థి. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడ్డ తల్లి, ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి ఉంటే, ఆర్తురాలు. జ్ఞాని మాత్రం ఆ రోజు ఆ రద్దీలోకి రాడనుకుంటాను.

స్వభావం సంగతి కొంచెం చెప్పి ముందుకెళతాను, గడియారం నన్ను చూస్తోంది. ఇప్పుడు సైకాలజీలో మనిషి స్వభావాన్ని ఐదు పాళ్ళుగా కొలుస్తారు. కలుపుగోలుతనం, సౌమ్యత, ఒద్దికా పట్టుదలా కలిసిన గుణం, తేలిగ్గా కంగారుపడే గుణం, కొత్తదాని మీద ఆసక్తి. బెల్జియంలో వసిలిస్ సరోగ్లూ అనే ఆయన 2002లోనూ, 2010లోనూ ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూశాడు. మతనిష్ఠ ఉన్నవాళ్ళలో సౌమ్యతా, ఒద్దికా కొంచెం ఎక్కువ. కంగారు గుణంతో చెప్పుకోదగ్గ సంబంధమే లేదు. ‘పిరికివాళ్ళకే దేవుడు కావాలి’ అని టీకొట్టు దగ్గర అనేవాళ్ళకి ఇది చెప్పండి. అలాగే, పూజ చేస్తే మంచివాళ్ళవుతారని గుళ్ళో అనేవాళ్ళకి ఇంకోటి చెప్పాలి. 1921లో టెర్మన్ అనే ఆయన కాలిఫోర్నియాలో కొందరు పిల్లలను ఎంచుకుని దశాబ్దాల పాటు గమనిస్తూ పోయాడు. ఆ రికార్డులు తిరగేస్తే, ఎదిగే వయసులో ఒద్దికగా ఉన్న పిల్లలు పంతొమ్మిదేళ్ళ తరవాత మతనిష్ఠ ఎక్కువున్న పెద్దలయ్యారని తేలింది. అంటే ఒద్దిక ముందు, పూజ వెనక. ఒద్దికగా ఉండేవాడు పుస్తకాలూ సర్దుకుంటాడు, బీపీ మాత్రా టైముకి వేసుకుంటాడు, సంధ్యావందనమూ టైముకే చేస్తాడు. ఆ తరవాత అతని ఆరోగ్యం బాగుంటే, పేరంతా సంధ్యావందనానికి ఇస్తాం. మాత్రకూ కాస్త వాటా ఇవ్వాలి కదా!

ఇప్పుడు అసలు నన్ను ఈ విషయం మీద నిలబెట్టిన సంగతి. ఊరూ పేరూ వివరాలూ మార్చి చెబుతున్నాను. యాభై దాటిన ఒక ఆవిడ వచ్చింది. నిద్ర లేదు, గుండె దడ. మాటల మధ్యలో సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసింది. పాల లెక్క రాసే సన్నటి పుస్తకం. దాన్నిండా తీర్చని మొక్కులు. తిరుపతిలో తలనీలాలు, పెదకాకానిలో పొంగళ్ళు, కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభకి చందా, గుణదల మేరీమాతకు కొవ్వొత్తులు, కొబ్బరికాయ. ఏ దేవుణ్ణీ వదల్లేదు. పక్కన తేదీ, ఎందుకు మొక్కిందో. ఇరవై ఏడు ఉన్నాయి. వాళ్ళాయనకి షుగరు పెరిగితే పుస్తకం తిరగేసి, ఇది ఫలానా మొక్కు తీర్చనందుకు అని ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టేది. దాన్నుంచి బయటపడటానికి ఇంకో మొక్కు. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు.

డాక్టరు గారు మందు రాశారు, అది అవసరం. ఆ జబ్బుకి పేరుంది, చికిత్స ఉంది. నా వంతు మాటలది. దేవుడు లేడని నేను చెప్పబోలేదు, చెబితే ఆవిడ రెండోసారి రాదు. వాళ్ళింటికి వచ్చే పెద్ద పురోహితుణ్ణి ఒకసారి తీసుకురమ్మన్నాను. ఆయన వచ్చి పుస్తకమంతా ఓపిగ్గా చదివాడు. కళ్ళజోడు తీసి, "అమ్మా, నువ్వు వచ్చే దారిలో మంగళగిరి ఉందా?" అన్నాడు. ఉందంది. "అక్కడ పానకాలస్వామి ఎంత తాగుతాడు?" "సగమే." "మిగతా సగం?" "మనకే ఇచ్చేస్తారు." "బిందెడు పోసినా అంతే, చెంబుడు పోసినా అంతే కదా. సగం తిరిగిచ్చేవాడి దారిలో రోజూ తిరుగుతూ, నీకు చక్రవడ్డీ లెక్క ఎవరు నేర్పారమ్మా?" ఆవిడ నవ్వింది. మూడు నెలల్లో నేను చూసిన మొదటి నవ్వు అది. తరవాత ఆయన చెప్పినట్టే పసుపుగుడ్డలో ఒక్క రూపాయి ముడుపు కట్టింది. పుస్తకం మాత్రం నాకివ్వలేదు. ఇంకో ఏడాదికి వెనక పేజీల్లో పాల లెక్క రాస్తోందని చెప్పింది.

మొక్కుకోవడం రోగం కాదు. కష్టమొస్తే దేవుడితో మాట్లాడటం ఎప్పటినుంచో ఉన్నదే. కెనెత్ పార్గమెంట్ అనే ఆయన జీవితమంతా దీని మీదే పనిచేశాడు. కష్టంలో ‘ఆయన నాతో ఉన్నాడు’ అనుకునేవాళ్ళు ఒకరకం. ‘నన్ను శిక్షిస్తున్నాడు, నన్ను వదిలేశాడు’ అనుకునేవాళ్ళు ఇంకో రకం. ఆసుపత్రిలో చేరిన 55 ఏళ్ళు దాటిన 596 మందిని రెండేళ్ళు గమనించి 2001లో రాశాడు. రెండో రకం ఆలోచన ఉన్నవాళ్ళు చనిపోయే అవకాశం కొంచెం ఎక్కువగా కనబడింది. జబ్బు ఎంత తీవ్రమో లెక్కలోకి తీసుకున్నాక కూడా. అందుకని జబ్బుమనిషి మంచం పక్కన కూర్చుని ‘ఏ జన్మలో ఏం పాపం చేశావో’ అనే పెద్దవాళ్ళని దయచేసి బయటికి పంపించండి. కాఫీ తెమ్మని పంపించండి.

నా మాట అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: మా నాస్తికుల సంగతేమిటండీ? మాకు మనశ్శాంతి లేదంటారా?)

పటమట నుంచి వచ్చారా? (నవ్వులు) గోరా గారు 1947లో ముదునూరు నుంచి నాస్తిక కేంద్రాన్ని తీసుకొచ్చి పెట్టిన ఊళ్ళో నిలబడి ఆ మాట ఎలా అంటానండీ. నమ్మకం గట్టిగా ఉన్నవాళ్ళూ, లేదని గట్టిగా తేల్చుకున్నవాళ్ళూ, రెండు కొసల్లో ఉన్నవాళ్ళు బాగానే ఉన్నారని, మధ్యలో ఊగేవాళ్ళకే ఇబ్బంది అని చెప్పే అధ్యయనాలున్నాయి. ఇంకోటి, 2011లో డీనర్ బృందం ప్రపంచమంతటి సర్వేలు చూసింది. బతుకు కష్టంగా ఉన్న దేశాల్లో మతం ఉన్నవాళ్ళు కొంత మెరుగ్గా ఉన్నారు. తిండీ, భద్రతా సరిగ్గా ఉన్న దేశాల్లో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. మీరు సహపంక్తి భోజనాలు పెడతారు, వాళ్ళు అన్నదానం పెడతారు. పక్కన కూర్చుని తినే మనిషి ఇద్దరికీ ఉన్నాడు.

(ఒక పెద్దావిడ: మా ఆయన పోయి ఆరు నెలలైంది నాయనా. దీపం పెట్టబుద్ధి కావట్లేదు. ఎందుకు పెట్టాలి అనిపిస్తోంది. మా ఆడపడుచు తప్పంటోంది.)

కూర్చోండమ్మా, కూర్చుని మాట్లాడండి. గోల్కొండ చెరసాల్లో కూర్చుని గోపన్న సాక్షాత్తూ రాముణ్ణే నగల ఖర్చుల లెక్క అడిగాడు. దేవుణ్ణి తిట్టడానికి మనకి నిందాస్తుతి అని పేరు పెట్టి మరీ ఒక పద్ధతి ఉంది. మీకు కోపమొస్తే ఆయనకేం కాదు. నిద్రా తిండీ ఎలా ఉన్నాయి? ఆ రెండూ సరిగ్గా లేకపోతే మాత్రం మీటింగయ్యాక నాకు చెప్పండి, దానికి డాక్టరున్నాడు. దీపానికి తొందర లేదు.

మా నాన్న పోయాక మా అమ్మ పూజగది తలుపు దగ్గరికి వేసేసింది. అరవై ఏళ్ళు లలిత మానని మనిషి. బంధువులు ఎన్నో అన్నారు. ఆవిడ పలకలేదు. మేమూ ఏమీ అనలేదు, అనడానికి ధైర్యం లేక. పదకొండు నెలలు. ఒకరోజు పొద్దున పెరట్లోకి వెళితే, గిన్నెలు తోమే చోట చింతపండు తొక్కు పడి ఉంది. పక్కన గోడ మీద ఇత్తడి కుందులు రెండూ బోర్లించి ఆరబెట్టి ఉన్నాయి. ఏమిటమ్మా అని అడగలేదు నేను. ఆవిడా చెప్పలేదు.